మోటారు షెడ్డు చుట్టూ కరెంటు తీగ: దొంగ చనిపోతే ఆస్తి రక్షణ హక్కు ఎంతవరకు నిలుస్తుంది?

చనిపోయిన వ్యక్తి ఆ రాత్రి దొంగతనానికే వచ్చాడు. ఆ విషయంలో ఎవరికీ పేచీ లేదు. శవం పక్కన కటింగ్ ప్లయరు, మడత పెట్టిన గోనెసంచి దొరికాయి. పంచనామాలో రెండూ ఎక్కాయి. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పి.పి.) కూడా వాటిని పక్కకు నెట్టే ప్రయత్నం చేయలేదు. అయినా నా క్లయింటుకు శిక్ష పడింది. అప్పీలు పెండింగులో ఉంది కాబట్టి ఊరు, పేర్లు, తేదీలు రాయడం లేదు. మనిషిని గుర్తుపట్టించే వివరాలు కొన్ని మార్చాను. తీర్పు దేని మీద ఆధారపడిందో ఆ సంగతులు మాత్రం మార్చలేదు.

కరెంటు తీగ తగిలి మనిషి చనిపోయిన కేసులు ఫౌజుదారీ కోర్టుల్లో కొత్త కాదు. వాటిలో చాలావరకు చనిపోయేది పశువుల కాపరో, పొరుగు రైతో, దారి తప్పి వచ్చినవాడో అయి ఉంటాడు. అలాంటప్పుడు ఆస్తి రక్షణ హక్కు ప్రస్తావన వచ్చినా నిలబడదు. ఇక్కడ చనిపోయినవాడు నిజంగానే దొంగ. అందువల్ల ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీయవచ్చా అన్న ప్రశ్నకు కోర్టు నేరుగా జవాబు చెప్పవలసి వచ్చింది.

కేసు పూర్వాపరాలు

క్లయింటుకు ఊరికి దూరంగా ఒక బత్తాయి తోట ఉంది. తోట ఒక మూల బోరు, దానికి కొంత ఎడంగా స్టార్టరు, ప్యానెల్ బోర్డు ఉన్న చిన్న షెడ్డు. బోరు నుంచి షెడ్డు దాకా రాగి కేబుల్. ఒకే సీజనులో ఆ కేబుల్‌ను రెండుసార్లు కోసుకుపోయారు. మొదటిసారి పోలీస్ స్టేషనుకు వెళ్తే కాగితం తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. రెండోసారి రసీదు ఇచ్చారు, ఎఫ్ఐఆర్ కట్టలేదు. ఆ రసీదును అతను విచారణ ముగిసేదాకా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

రెండో దొంగతనం తర్వాత స్టార్టరులో ఒక ఫేజు నుంచి బైండింగ్ వైరు లాగి, షెడ్డు చుట్టూ తిప్పి, బోరు దాకా కట్టాడు. మోకాలి ఎత్తున కర్ర గుంజలు పాతి, తీగ కర్రకు తగలకుండా ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడిగాడు. రాత్రి ఊరికి పోయేముందు స్విచ్చు వేసేవాడు, తెల్లవారుజామున వచ్చి తీసేసేవాడు. ఇలా కొన్ని వారాలు నడిచింది. ఒక ఉదయం స్విచ్చు తీయడానికి వచ్చేసరికి బోరు పక్కన పాదులో మనిషి బోర్లా పడి ఉన్నాడు. క్లయింటు పారిపోలేదు. తీగ విప్పి దాచలేదు. తానే స్టేషనుకు ఫోను చేశాడు. శిక్ష ఖరారు చేసే దశలో అతనికి కాస్తయినా పనికివచ్చింది ఈ ప్రవర్తనే.

అప్పటికి ఐపీసీ అమల్లో ఉంది. పోలీసులు మొదట 304ఎ కింద, అంటే నిర్లక్ష్యం వల్ల మరణం కింద, కేసు నమోదు చేశారు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక వచ్చాక ఆల్టరేషన్ మెమో వేసి 304 రెండో భాగానికి, అంటే మరణం సంభవించవచ్చని తెలిసీ చేసిన పనికి, మార్చారు. రెండేళ్ల గరిష్ఠ శిక్ష ఉన్న కేసు పదేళ్లదైంది. మేజిస్ట్రేటు కోర్టు నుంచి సెషన్సుకు కమిట్ అయింది. విద్యుత్ చట్టం కింద ఇంకో సెక్షను కూడా తగిలించారు గాని దాని గురించి చెప్పుకోవలసినంత ఏమీ లేదు.

కుటుంబం నా దగ్గరకు వచ్చినప్పుడు వాళ్ల వాదన ఒకటే. క్లయింటు అన్నగారు కూర్చోకముందే అడిగారు: “మా తోటలోకి వాడిని రమ్మని మేం పిలిచామా అండీ? రాత్రిపూట కత్తెర పట్టుకుని వచ్చినవాడికి మేం కాపలా కాయాలా?” కడుపుమంటతో అడిగిన ప్రశ్న అది, అందులో న్యాయం లేకపోలేదు. కానీ జడ్జి ముందు దానికి విలువ లేదు. కోర్టు అడిగేది వేరు: ఆ క్షణంలో మీరు ఏ ప్రమాదాన్ని చూసి, ఎంత బలం వాడారు?

ఐపీసీ 103 ఇచ్చేది, ఇవ్వనిది

ఐపీసీ 96 నుంచి 106 వరకు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు, ఆత్మరక్షణ హక్కు గురించే. ఆస్తిని కాపాడుకోవడం కూడా ఈ హక్కులో భాగమే. ఒంటిని కాపాడుకోవడానికి ప్రాణం తీయగల సందర్భాలు ఒక సెక్షనులో, ఆస్తి కోసం ప్రాణం తీయగల సందర్భాలు మరో సెక్షనులో ఉన్నాయి. రెండోది ఐపీసీలో 103, సంహితలో 41. అందులో నాలుగే ఉన్నాయి: దోపిడీ, రాత్రిపూట కట్టడాన్ని పగలగొట్టి లోపలికి చొరబడటం, మనుషులు నివసించే లేదా సొత్తు దాచే కట్టడానికి నిప్పు పెట్టడం, చివరగా, దొంగతనమో, ఆస్తి ధ్వంసమో, గృహంలోకి అక్రమ ప్రవేశమో జరుగుతూ, అడ్డుకోకపోతే ప్రాణం పోతుందనో తీవ్ర గాయం అవుతుందనో సహేతుకంగా భయపడవలసిన పరిస్థితి. సంహితలో రెండోదాన్ని సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అని స్పష్టం చేశారు, మూడోదానిలో పేలుడు పదార్థాలను చేర్చారు. మిగతా చట్రం పాతదే.

ఉత్త దొంగతనం ఈ జాబితాలో లేదు. తోటలో కేబుల్ విలువ ఎంతైనా సరే, లక్షల నగలైనా సరే, కేవలం దొంగిలిస్తున్నాడని చంపే హక్కు లేదు. ఆ సందర్భంలో 104, ఇప్పటి 42, మరణం తప్ప మిగతా హాని చేయడానికి అనుమతిస్తుంది. పట్టుకోవచ్చు, కొట్టి సొత్తు లాక్కోవచ్చు, అదీ అవసరమైనంతవరకే. నిప్పు పెట్టడం సంగతి పక్కన పెడితే, ఆస్తి పేరుతో ప్రాణం తీయడానికి చట్టం ఒప్పుకున్న చోటల్లా మనిషికి ముప్పు పొంచి ఉంది. సొత్తు విలువను తూచే త్రాసు ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు. క్లయింట్లకు ఇది చెప్పి ఒప్పించడం జడ్జిని ఒప్పించడంకన్నా కష్టం.

అయితే మా వైపు నిజంగా ఆలోచించదగిన వాదన ఒకటి ఉంది, అది 103లోని రెండో క్లాజులో, అంటే రాత్రిపూట చొరబాటు గురించిన దానిలో, ఉంది. ఐపీసీ నిర్వచనం ప్రకారం గృహ అక్రమ ప్రవేశానికి కట్టడం నివాసమే కానక్కరలేదు. సొత్తు భద్రపరిచే కట్టడమైనా చాలు. స్టార్టరు, ప్యానెల్ ఉన్న తాళం వేసిన షెడ్డు ఆ నిర్వచనంలోకి వస్తుందని గట్టిగా వాదించవచ్చు. రాత్రివేళ తాళం పగలగొట్టి లోపలికి పోతే రెండో క్లాజే. ఆ క్లాజుకు నేరం పూర్తి కావలసిన పని కూడా లేదు, ప్రయత్నం చాలు. కాగితం మీద ఇది బాగానే కనిపిస్తుంది.

దాన్ని చెడగొట్టింది రఫ్ స్కెచ్. నేరస్థల పంచనామాతో పాటు పోలీసులు చేత్తో గీసే ఆ పటాన్ని చాలామంది జూనియర్లు తిరగేసి వదిలేస్తారు. ఇందులో షెడ్డు ఒక చతురస్రం, బోరు ఒక సున్నా, రెంటి మధ్య చుక్కల గీత కేబుల్. శవాన్ని సూచించే ఎక్స్ గుర్తు సున్నాకు ఆనుకుని ఉంది, షెడ్డు తలుపుకు ఎనభై అడుగుల దూరంలో. షెడ్డు తాళం చెక్కుచెదరలేదని పంచనామాలోనే రాసి ఉంది. అతను షెడ్డు వైపు వెళ్లనే లేదు. బోరు దగ్గర వంగి కేబుల్ కోయబోతుంటే కుడి ముంజేయి వెనక ఉన్న తీగకు తగిలింది. పోస్టుమార్టంలో ముంజేతి మీద కరెంటు ప్రవేశించిన గాయం, ఎడమ అరికాలి కింద బయటికి పోయిన గాయం ఆ భంగిమకు సరిగ్గా సరిపోయాయి. ఆరుబయట పాదులో కేబుల్ కోయడం దొంగతనమే, కట్టడంలోకి చొరబడటం కాదు. రెండో క్లాజు అక్కడితో జారిపోయింది.

ఇక మిగిలింది నాలుగోది. దానికి ప్రాణభయం కావాలి. ఆ రాత్రి తోటలో ఉన్న ప్రాణం దొంగది ఒక్కటే. క్లయింటు ఊళ్లో తన ఇంట్లో నిద్రపోతున్నాడు.

తలుపు దగ్గరే పడి ఉంటే?

అన్నగారు ఈ ప్రశ్న కూడా వేశారు, న్యాయంగానే వేశారు. శవం షెడ్డు తలుపు దగ్గర, పగిలిన తాళంతో దొరికి ఉంటే గెలిచేవాళ్లమా? నా అభిప్రాయంలో అప్పుడు కూడా కష్టమే. కారణం 99, ఇప్పటి 37. 103 కింద వచ్చే ప్రతి హక్కూ దానికి లోబడే ఉంటుంది. రక్షణకు అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. అధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే హక్కే లేదు.

ఈ విషయంలో 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవకుండా ఇలాంటి కేసు ఎవరూ చేపట్టకూడదు. చెరుబిన్ గ్రెగరీ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్, ఏఐఆర్ 1964 ఎస్సీ 205 (ఏఐఆర్ అంటే తీర్పుల సంకలనం). పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. ఆ ఇంటివాళ్లు ముద్దాయి మరుగుదొడ్డికి రావడం మొదలుపెట్టారు. వద్దని చెప్పినా ఆగలేదు. ముద్దాయి తన ఇంటి వైరింగు నుంచి కరెంటు తీసి, మరుగుదొడ్డికి పోయే దారికి అడ్డంగా రాగి తీగ కట్టాడు. 1959 జులైలో ఆ ఇంటి స్త్రీ ఒకరు చెయ్యి తగిలి చనిపోయారు. తీగలో కరెంటు ఉందని తెలిపే హెచ్చరిక ఏదీ లేదు. అనుమతి లేకుండా వచ్చింది కదా, ఆస్తి రక్షణ హక్కు ఉంది కదా అని వాదించారు. కోర్టు రెండూ తోసిపుచ్చింది. అక్రమంగా ప్రవేశించినంత మాత్రాన ఆ మనిషి చట్టం నీడ కోల్పోడు. అలా వచ్చేవారి పట్ల యజమానికి ప్రత్యేక జాగ్రత్త బాధ్యత లేకపోవచ్చు గాని, వాళ్లకు హాని చేయాలని ఉద్దేశపూర్వకంగా ఉచ్చు పన్నే హక్కు మాత్రం లేదు. ఆ ఉచ్చు వల్ల కలిగిన హాని 99 పరిధిలోకీ రాదు, 103లోకీ రాదు అని తేల్చి 304ఎ శిక్షను నిలబెట్టింది.

ఆ స్త్రీ దొంగ కాదు, మన కేసులోవాడు దొంగ అని తేడా చూపించాం. జడ్జి శ్రద్ధగానే విన్నారు. కానీ ఉచ్చుకు ఆ తేడా తెలియదు కదా అని బెంచి మీద నుంచే అడిగారు. అసలు చిక్కు అదే. 105, ఇప్పటి 43, ప్రకారం ఆస్తికి ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం మొదలైనప్పుడే రక్షణ హక్కు మొదలవుతుంది. దొంగ సొత్తుతో సహా తప్పించుకుపోయాకో, సొత్తు తిరిగి దొరికాకో, అధికారుల సాయం అందాకో ముగుస్తుంది. భయపడటానికి, ఎంత బలం చాలునో బేరీజు వేయడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. తీగ కట్టిన సాయంత్రం ఎదుట దొంగ లేడు. దొంగ వచ్చిన రాత్రి ఎదుట యజమాని లేడు.

మనిషి ఎదుట ఉన్నప్పుడు కోర్టులు ఎంత ఉదారంగా ఉంటాయో చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. అంజద్ ఖాన్ కేసు, ఏఐఆర్ 1952 ఎస్సీ 165. 1950 మార్చిలో కట్నీలో మత కలహాలు. మూక పక్కనే ఉన్న ముద్దాయి సోదరుడి దుకాణాన్ని లూటీ చేసింది. ఆడవాళ్లు, పిల్లలు ముద్దాయి వైపు తలదాచుకున్నారు. మూక అతని తలుపులను లాఠీలతో బాదుతోంది. అతను రెండుసార్లు తుపాకీ పేల్చాడు, ఒకరు చనిపోయారు. సుప్రీంకోర్టు పూర్తిగా విడుదల చేసింది. తలుపులు విరిగి మూక లోపలికి వచ్చేదాకా అతను ఆగనక్కరలేదని, ఇలాంటి క్షణాలను బంగారం తూచే త్రాసులో తూచకూడదని చెప్పింది. ఆ మాటను డిఫెన్సు లాయర్లందరం ఏదో ఒక రోజు కోర్టులో చదివి వినిపించినవాళ్లమే. అయితే 1962 నాటి జయదేవ్ కేసును కూడా దాంతో కలిపి చదవాలి. పొలాన్ని కాపాడుకునే హక్కు ఉన్నవాళ్లే, ఎదుటివాళ్లు వెనక్కి తిరిగి పరుగెత్తుతున్నప్పుడు కాల్చారు. ప్రమాదం ముగిసిన చోట హక్కు కూడా ముగిసిందని కోర్టు అంది. తలుపు అవతల ఉన్న మూకకూ, పారిపోతున్న వీపుకూ మధ్య ఉంది గీత. మా కేసు ఆ గీతకు దగ్గరలో కూడా లేదు.

అసలు పోరాటం: తెలిసి చేశాడా?

అందువల్ల ఆత్మరక్షణను ప్రధాన వాదనగా పెట్టలేదు. ఆ వాదన ఎత్తుకుంటే తీగ మేమే కట్టామని, మేమే కరెంటు ఇచ్చామని ఒప్పుకున్నట్టే. అంతా ఒప్పుకుని గెలవని చోట నిలబడటం తెలివైన పని కాదు. ఈ హక్కును ముద్దాయి రుజువు చేయవలసిన స్థాయి తక్కువే. సాక్ష్యాల చట్టం 105, ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 108, భారం అతని మీదే పెట్టినా, సంభావ్యత మొగ్గు చూపిస్తే చాలు. మున్షీరామ్ కేసులో 1967లోనే సుప్రీంకోర్టు చెప్పినట్టు, ముద్దాయి నోరు తెరచి అడగకపోయినా ప్రాసిక్యూషన్ సాక్ష్యంలోంచే అది బయటపడవచ్చు. కాబట్టి రసీదునూ, ప్లయరునూ రికార్డులోకి తెచ్చాం. వాటి మీద మేడ కట్టలేదు.

మేం పోరాడింది 304 రెండో భాగమా, 304ఎనా అన్నదాని మీద. మొదటిదానికి మరణం సంభవించవచ్చునన్న ఎరుక కావాలి. రెండోది అంత ఎరుక లేని దుడుకుతనం, నిర్లక్ష్యం. చెరుబిన్ గ్రెగరీలో శిక్ష 304ఎ కిందే కాబట్టి ప్రతి తీగ కేసూ అంతే అని కొందరు వాదిస్తారు. అది సరికాదు, అక్కడ ముద్దాయి అప్పీలు మీద ఆ శిక్ష నిలుస్తుందా లేదా అన్నదే ప్రశ్న. ఎరుక ఉందా లేదా అనేది ఏ కేసు సాక్ష్యం ఆ కేసుదే.

ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌ను క్రాస్‌లో అడిగాను: ఫేజుకూ నేలకూ మధ్య ఉండేది ఇళ్లలో ఉండే 230 వోల్టులేగా? అవునన్నారు. ఇంట్లో షాకు కొట్టినవాళ్లలో చాలామంది బతికే ఉంటారుగా? ఉంటారన్నారు. అక్కడ ఆపాను. పి.పి. రీఎగ్జామినేషన్‌లో పాదు తడిగా ఉందా అని అడిగారు. ముందురోజు నీళ్లు పెట్టిన పాదు, చెప్పులు లేని కాళ్లు. స్టార్టరు ఫ్యూజు ఆంపియర్లలో కాలుతుంది, మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కరలేదు, లీకేజి పసిగట్టి కరెంటు ఆపే బ్రేకరు అక్కడ లేదు అని ఇన్‌స్పెక్టర్ వివరించారు. ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడిగింది కరెంటు కర్రల్లోకి పోకుండా తీగలోనే నిలవడానికని కూడా చెప్పారు. ఆ పైపు ముక్క ఒకటి మెటీరియల్ ఆబ్జెక్టుగా (సాక్ష్యపు వస్తువుగా) బల్ల మీదే ఉంది, చిటికెనవేలంత. దాన్ని జడ్జి చేతిలోకి తీసుకుని చూశారు.

అంతకన్నా పెద్ద దెబ్బ మాకు అనుకూలం అని క్లయింటు నమ్మిన సాక్ష్యం నుంచే వచ్చింది. కూలీలకు, చుట్టుపక్కల రైతులకు తాను ముందే హెచ్చరించానని అతను ఎంతో ధీమాగా ఉన్నాడు. నిజమే, హెచ్చరించాడు. ఇద్దరు కూలీలు బోనెక్కి అతను అన్న మాట అన్నట్టే చెప్పారు: “చీకటి పడ్డాక షెడ్డు వైపు పోవద్దు, పోతే చచ్చిపోతారు.” వాళ్లను అడ్డం తిప్పించమని మధ్యవర్తులు కొందరు సలహా ఇచ్చారు; ఆ రకం సేవకు వేరే ఆఫీసు చూసుకోమన్నాను. పి.పి. రాతపూర్వక వాదనలో మొదటి పేజీలోనే ఆ వాక్యం ఉంది. తనవాళ్లు బతకాలని చెప్పిన మాటే, తీగ చంపగలదని అతనికి తెలుసుననడానికి రుజువైంది. బయటివాళ్ల కోసం ఒక బోర్డు కూడా లేదు. బోర్డు ఉంటే తీగ చట్టబద్ధం అయ్యేది కాదు గాని, ఎరుక గురించిన వాదనకు కొంత ఊపిరి దొరికేది.

సెషన్స్ జడ్జి 304 రెండో భాగం కిందే దోషిగా నిర్ధారించారు. రెండు దొంగతనాలు, పట్టించుకోని ఫిర్యాదు, తానే పోలీసులకు ఫోను చేయడం పరిగణనలోకి తీసుకుని మూడేళ్లు వేశారు. జరిమానాలో ఎక్కువ భాగం మృతుడి భార్యకు ఇవ్వమన్నారు. ఆమె కోర్టు వరండాలో కూర్చుని ఉండేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఇదే ఘటన సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1 తర్వాత జరిగి ఉంటే లెక్క కొంత మారేది. నిర్లక్ష్య మరణానికి సంహితలోని 106(1) ఐదేళ్ల దాకా శిక్ష వేస్తుంది. 304 రెండో భాగానికి సమానమైన 105లో పదేళ్ల గరిష్ఠం అలాగే ఉంది గాని జరిమానా తప్పనిసరి అయింది. అంటే చిన్న సెక్షను కిందికి దిగినా మునుపటంత ఊరట లేదు. కొత్త కేసుల్లో బేరీజు వేసేటప్పుడు డిఫెన్సువాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ తీర్పు చుట్టుపక్కల పాకాక కొందరు రైతులు ముందుగానే వచ్చి అడుగుతున్నారు, మరి ఏం చేయమంటారని. తీగ కట్టవద్దని మాత్రం చెప్పి పంపేయలేం, కేబుళ్లు పోతూనే ఉన్నాయి. కేబుల్‌ను భూమిలో పైపులో పాతించమంటాను. కేబుల్ తెగితే ఫోనుకు కబురు వచ్చే పరికరం, సైరను పెట్టించమంటాను. ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింటు వేయమంటాను. కాపలా ఉంటే ఒంటరిగా ఉండవద్దంటాను. దొంగ కత్తి తీస్తే అప్పుడు పరిస్థితి మొత్తం మారిపోతుంది, నాలుగో క్లాజు అక్కడ ప్రాణం పోసుకుంటుంది.

అప్పీలు గ్రౌండ్స్‌లో మేం నిలబడింది ఎరుక అన్న అంశం మీదే. కూలీలతో అన్న మాట భయపెట్టడానికి రోజూ అనే ఊతపదమే తప్ప అక్షరాలా తెలిసిన సంగతి కాదని, అది 304ఎ దాటి పోదని వాదిస్తున్నాం. ఆస్తి రక్షణ హక్కును గ్రౌండ్స్‌లో చేర్చలేదు. అన్నగారికి అది ఇప్పటికీ నచ్చలేదు, ఇంకో సీనియర్ అభిప్రాయం తీసుకున్నారు, ఆయనా చేర్చవద్దనే చెప్పారు. హైకోర్టు శిక్ష అమలు నిలిపివేసి బెయిలు ఇచ్చింది. తుది విచారణకు ఇంకా రాలేదు.